గుంటుపల్లి కొండలోయలో ఒక లేఖకుడు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

నేను పండితుడను కాను. సహకార సంఘములో జమాఖర్చులు వ్రాయువాడను. భారతమైనను, వసుచరిత్రమైనను ఈ గ్రంథాలయములోని టీకాతాత్పర్యములను బట్టి నాకు నేనుగా చదువుకొన్నవే. కావున ఈ దినమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరగా కాదనలేకపోతిని.

యూరపు ఖండమున ఆల్ప్స్ పర్వతముల నడుమ, ఇటలీ దేశములో, వాల్ కమోనికా అను లోయ కలదు. అచ్చటి బండలపై ప్రాచీనులు చెక్కిన బొమ్మలు లక్షకు మించియున్నవి. అందు కాపో ది పొంతె అను చిన్న ఊరిచెంత 1955లో ఆ బండల రక్షణకై ఒక వనము నేర్పరచిరి. 1979లో ఇటలీ దేశమున అన్నిటికంటె ముందు ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందినవి ఆ బండలే. ఈ సంగతి మన గ్రంథాలయములో చదివిననాడు నాకు సిగ్గు కలిగినది. ఆల్ప్స్ లోయను గూర్చి తెలిసికొంటిని గాని, పూటప్రయాణములో నున్న గుంటుపల్లిని ఏబది యేండ్లు దాటినను చూడనైతిని గదా!

గుంటుపల్లి 2022 వరకు పశ్చిమగోదావరి జిల్లాలోనిది. నేడు ఏలూరు జిల్లాలో నున్నది. ఏలూరులో రైలు దిగి కామవరపుకోట వైపు బస్సెక్కితిని. వరిచేలు వెనుకబడినవి, మెట్టభూములు, పామాయిలు తోటలు వచ్చినవి. జీలకర్రగూడెము దాటి కొండ మెట్లెక్కగా, రెండు గట్ల నడుమ నిశ్శబ్దమైన లోయ కనబడినది. కొండచరియలో వరుసగా తొలిచిన గదులున్నవి. అవి బౌద్ధభిక్షువులు వసించిన విహారములు. మరియొక వైపున చిన్నచిన్న మ్రొక్కుబడి స్తూపములు గుంపుగా నున్నవి.

అన్నిటికంటె నన్ను నిలిపివేసినది గుండ్రని చైత్యగుహ. క్రీస్తుకు పూర్వము రెండవ శతాబ్దము నాటిదని పండితులు చెప్పుదురు. దాని ముఖద్వారపు కమాను బీహారులోని బరాబరు కొండలలో నున్న లోమశఋషి గుహను తలపించును. లోనికి పోయి తలయెత్తి చూచితిని. కప్పునందు రాతి వాసములు చుట్టును దిగివచ్చుచున్నవి. అది మన చుట్టిల్లే! తాటాకు కప్పు క్రింద మనము చూచు వాసములనే ఆ శిల్పి రాతిలో చెక్కినాడు. చెక్క పుచ్చిపోవును, తాటాకు చివికిపోవును, రాయి మిగిలినది. నడుమ నున్న స్తూపమును తరువాతి కాలపు జనులు ధర్మలింగేశ్వరుడని కొలిచిరి. భక్తి రూపు మారినను స్థలమును మరువలేదు.

ఇక నేను చెప్పదలచిన ముఖ్య విషయము. అచ్చట దొరకిన స్తంభములపై బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో ఒక శాసనము కలదు. 1968లో దానిని ఖారవేలుని శాసనమని ప్రకటించిరి. పిమ్మట పండితులు సరిచూచి, అది మహామేఘవాహన వంశజుడైన సిరిసదుడను రాజు కాలపుదని నిర్ణయించిరి. అయితే మండపమును దానము చేసినవాడు రాజు కాడు. రాజుగారి లేఖకుడు చూలగోముడు! లేఖకుడనగా వ్రాతగాడు, నావంటివాడు. సుమారు రెండువేల యేండ్ల క్రిందట ఒక వ్రాతగాడు తాను కూడబెట్టిన దానితో భిక్షువులకు మండపము కట్టించి, తన వృత్తిని తన పేరితో చేర్చి చెక్కించుకొన్నాడు. మండపము శిథిలమైనది, వ్రాత నిలిచినది.

ఆ రాళ్లనడుమ కూర్చుండి నా తప్పు నొకదానిని తలచుకొంటిని. మా తండ్రిగారు ఈ ఊరి కరణము. 1984లో ప్రభుత్వము కరణీకములను రద్దుచేసినప్పుడు కచేరీ దస్త్రములను ఒప్పగించిరి గాని, తమ చేతితో వ్రాసికొన్న నకళ్లు ఒక భోషాణము నిండ ఇంటనే యుంచిరి. వారి యనంతరము, చెదలు పట్టుచున్నవని నేను వానిని పాతకాగితముల వానికి తూకమునకు అమ్మివేసితిని. రెండేండ్లకు అన్నదమ్ములిద్దరు నావద్దకు వచ్చి, తమ పంటబోదె ఏ గట్టు వెంబడి పోయెడిదో చెప్పుమనిరి. దాని వివరము ఆ నకళ్లలోనే యుండినది. చిన్ననాట నేను చూచితిని. కాగితము లేక నా మాట సాక్ష్యము కాలేదు. వారు కోర్టుకెక్కిరి. నేటికిని ఒకరి గుమ్మము నొకరు తొక్కరు. ఆ తూకపు సొమ్మెంతో నాకు జ్ఞాపకము లేదు గాని, ఆ సోదరుల ముఖములు జ్ఞాపకమున్నవి.

కావున పాలకవర్గము వారికి నా మనవి యిది. ఈ గ్రంథాలయములో ఒక బీరువాను మన ఊరి కాగితములకై కేటాయింపుడు. పాత దస్తావేజుల నకళ్లు, పెండ్లిపాటల పుస్తకములు, బడిపిల్లల ఛాయాచిత్రములు, 1986 వరదలో నీరు ఏ గుమ్మము వరకు వచ్చినదో, 1996 తుపానులో ఎవరి తోట కూలినదో పెద్దలు చెప్పగా వ్రాసిన వివరములు, అన్నియు అందుంచుదము. సూచీ నేను వ్రాసెదను, ప్రతిఫలము కోరను. అమ్మలారా, అయ్యలారా, మీ యటకలపై నున్న మూటలను అమ్ముటకు ముందు ఒక్కసారి ఇచ్చటికి తెండు.

చూలగోముని వలె మండపము కట్టించు శక్తి నాకు లేదు. ఒక బీరువా నిండునట్లు చూడగలిగినచో లేఖకుడుగా నా ఋణము కొంత తీరును.