చేతి పని చేజారకుండా
(పామర్రులో చేసిన ప్రసంగ పాఠం)



పామర్రు నుండి విజయవాడ ఆటోనగర్‌కు బస్సెక్కే మన పిల్లలు ఉస్తాద్ పక్కన నిలబడి లేతు పని నేర్చుకుంటారు. కొన్నేళ్ళకు చేయి తిరుగుతుంది. చేతిలో సర్టిఫికెట్ మాత్రం ఉండదు. ఇప్పుడా పని సీఎన్‌సీ యంత్రాలకు తరలిపోతున్నది. అక్కడ చక్రం తిప్పడం కాదు, ప్రోగ్రాము వ్రాయాలి. జీ00 అంటే టూలు వేగంగా జరగడం, జీ01 అంటే నిర్ణీత వేగంతో తిన్నగా కోయడం. ఎక్స్ 50 అని చుక్క పెట్టకుండా వ్రాస్తే కొన్ని కంట్రోళ్ళు దానిని 50 మిల్లీమీటర్లుగా కాక 50 మైక్రాన్లుగా చదువుతాయి. ఒక్క చుక్కకు టూలూ పోవచ్చు, కొలువూ పోవచ్చు.

అయినా ఇది మనకు అందని విద్య కాదని మేము గట్టిగా అంటున్నాము. కోత లోతు ఎక్కువైందని శబ్దం విని పట్టే కుర్రవాడికి కోడు నేర్పవచ్చు. కోడు మాత్రమే వచ్చినవాడికి ఆ చెవి రావడానికి ఏళ్ళు పడుతుంది. కానీ పదవ తరగతి మధ్యలో మాన్పించి షెడ్డుకు పంపితే ఐటీఐలో టర్నర్, మెషినిస్టు ట్రేడుల తలుపు మూసుకుంటుంది. ఆ తలుపు మూస్తున్నది చాలాసార్లు మనమే.

2007 నాటి చట్టం బీసీ-ఇ కింద 4 శాతం సీట్లు ఇచ్చింది. షేక్‌లకు అది వర్తిస్తుంది. సయ్యద్, పఠాన్, మొగల్ కుటుంబాలకు లేదు. పేదరికం ఇంటిపేరు చూసి రాదు కదా! అర్హత ఉంటే వారు ఈడబ్ల్యూఎస్ పత్రం అడగాలి. ఏ పత్రమైనా ప్రవేశాల ప్రకటన వచ్చాక కాదు, ఈ నెలలోనే దరఖాస్తు చేయండి. ఆడపిల్లల పేర్లు కూడా వ్రాయించండి.