రాసినవారి గొంతులోనే వింత కథ

లక్సెట్టిపేటలో గోదావరి ఒడ్డున పెరిగిన మాకు కథంటే ముందు చెవికి అందేదే. ఒగ్గుకథ మొదలైతే తెల్లారేదాకా కదిలేవాళ్లం కాదు. ఇప్పుడు ఆ చెవికి సైన్స్ ఫిక్షన్ కూడా చేరాలని నా కోరిక.

గుర్రం తల గంధర్వుణ్ని లండన్‌లో దించిన విశ్వనాథ సత్యనారాయణ ‘హాహాహూహూ’ నుంచి అనిల్ ఎస్. రాయల్ ‘నాగరికథ’ దాకా మనకు ఊహా కథలున్నాయి. అట్లాంటివి రాసినవారే చదివితే ఆ రుచి వేరు. లేని లోకానికి పెట్టిన పేరును ఎక్కడ ఒత్తి పలకాలో వారికే తెలుసు. తెలుగు కథలను, రచయితల మాటలను హర్షణీయం పాడ్‌కాస్ట్ ఇప్పటికే వినిపిస్తున్నది.

రికార్డు చేయడం పెద్ద పనేం కాదు. ఫ్యాను ఆపండి, కిటికీకి దుప్పటి కట్టండి. ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పెట్టండి. ‘భ’, ‘ఫ’ పలికినప్పుడు ఊపిరి మైకుకు తగలదు. సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున దాస్తే 20 నిమిషాల కథ 10 ఎంబీ లోపే ఉంటుంది. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఊళ్లోనూ దిగుతుంది.

హక్కుల సంగతి మాత్రం మరవద్దు. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. విశ్వనాథ 1976లో పోయారు. ఆయన నవల చదివి నెట్‌లో పెట్టాలంటే 2036 చివరిదాకా హక్కుదారులను అడగాల్సిందే. మీ కథ మీరే చదివితే ఆ చిక్కు తక్కువ. హక్కులు ఎవరికైనా రాసిచ్చారేమో చూసుకోండి, చాలు. ఈ ఆదివారం ఒక్క కథ చదివి పెట్టండి.