ఇంజను నూనె కారుట - ఇంటివద్ద సీలు మార్చుట

తెల్లవారి ముంగిలి ఊడ్చి ముగ్గు పెట్టబోవు ఇల్లాలికి, మోటారు సైకిలు నిలిపిన చోట అర్ధరూపాయి బిళ్లంత నల్లని మరక కనబడును. ఆమె చెప్పిన మాటను ఇంటి యజమాని సాధారణముగా పెడచెవిని పెట్టును. బండి నడుచుచున్నది గదా, ఒక చుక్క కారినంత మాత్రమున మునిగిన దేమి అని ఆయన వాదము. ఆ వాదము ఎంతవరకు నిలుచునో, ఇంటివద్దనే దానికి ఏమి చేయవచ్చునో ఈ ప్రసంగములో మనవి చేయుదును.

మన ఊళ్లలో విరివిగా తిరుగు నూరు సి.సి. నాలుగు స్ట్రోకుల బండినే ఉదాహరణగా తీసికొందము. 1985లో హీరో హోండా సి.డి. 100, 1994లో స్ప్లెండరు వచ్చిన పిమ్మట ఈ తరహా ఇంజను పల్లెపల్లెకు పరిచితమైనది. దీనిలో పట్టు నూనె సుమారు ఒక లీటరు మాత్రమే. పిస్టనుకు, క్రాంకునకు, గేర్లకు, క్లచ్చికి అన్నిటికిని ఆ కాస్త నూనెయే ఆధారము. నూనె తగ్గినదని హెచ్చరించు ఎర్రదీపము ఈ బండ్లలో సాధారణముగా ఉండదు. పైగా ముంగిట కనబడు మరకనుబట్టి నష్టమును లెక్కించరాదు. బండి నడుచునపుడు నూనె వేడెక్కి పలుచనగును, ఇరుసు తిరుగుచుండును. అప్పుడు దారిలో పోవునది మనకు కనబడదు. నూనె బొత్తిగా తగ్గినచో ఇంజను పట్టివేయును. అంతకంటెను భయపడవలసిన దింకొకటి కలదు. చైను ప్రక్కన కారిన నూనె వెనుక చక్రము టైరు మీదికి చిందును. మలుపులో ఆ టైరు జారినచో వెనుక కూర్చున్న భార్యాబిడ్డల గతి యేమి? ఒక చుక్క కారిన నేమి అనువారు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెను.

నూనె కారుటకు కారణము తరచుగా ఆయిలు సీలు అరుగుటయే. ఇంజను గోడను చీల్చుకొని ఇరుసు వెలుపలికి వచ్చు ప్రతి చోటను ఒక సీలు ఉండును. అది ఇనుప చుట్టునకు రబ్బరు తొడిగిన చిన్న కంకణము. దాని లోపలి అంచు పలుచని పెదవివలె ఇరుసును తాకుచుండును. ఆ పెదవి వెనుక సన్నని స్ప్రింగు చుట్టబడి దానిని ఇరుసు మీదికి అదుముచుండును. పూర్వము ఈ సీళ్లను తోలుతో చేసెడివారు. 1930ల దశకమున నూనెకు చెడని కృత్రిమ రబ్బరు వచ్చిన పిదప తోలు క్రమముగా మరుగుపడినది. కాని రబ్బరునకును ఆయువు కలదు. ఏండ్ల తరబడి వేడికి అది గట్టిపడి బీటలిచ్చును. చైనునుండి వచ్చు దుమ్ము, ఇసుక ఆ పెదవిని కోసివేయును.

పనిముట్లు పట్టుటకు ముందు, కారునది ఎచ్చటినుండియో నిర్ణయించుకొనవలెను. గాలికి నూనె వెనుకకు ప్రాకును, క్రిందికి దిగును. కనుక చుక్క రాలుచున్న చోటే చిల్లి ఉన్నదనుకొనరాదు. ఇంజనును కిరసనాయిలుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, అనుమానమున్న చోట్ల ముఖమునకు పూసికొను పౌడరు పలుచగా చల్లుడు. ముగ్గుపిండి చల్లవలదు, అది రాతిపొడి, సీలునకు శత్రువు. పిదప రెండు మూడు మైళ్లు నడిపి వచ్చి చూచినచో, పౌడరు మొదట తడిసిన చోటు దొంగను పట్టించును. చైనుకు పూసిన నూనె చిమ్మి, ఇంజను కారుచున్నదని భ్రమ కలిగించుటయు కలదు.

ఇంకొక సంగతి. ఇంజను లోపలి గాలి బయటికి పోవుటకు ఒక సన్నని రబ్బరు గొట్టము ఉండును. దీనిని బ్రీదరు గొట్టమందురు. అది మట్టితో పూడినను, నలిగినను లోపల ఒత్తిడి పెరిగి మంచి సీలునుండి కూడ నూనె తన్నుకొని వచ్చును. నూనె కొలతకు మించి పోసినను అంతే. ఈ రెండింటిని చూడక సీలు మార్చినవాడు నెల తిరుగకుండ మరల మార్చవలసివచ్చును.

ఎడమ ప్రక్కన చైనును త్రిప్పు ముందరి పళ్లచక్రము, అనగా స్ప్రాకెట్టు వెనుక సీలే తరచుగా చెడును. దానిని మార్చుటకు ఇంజనును విప్పనక్కరలేదు. నూనె మార్చు రోజుననే ఈ పని పెట్టుకొనుట తెలివి. ఇంజను గోరువెచ్చగా ఉన్నపుడు నూనెను డబ్బాలోనికి దింపుడు. గేరు రాడ్డు ఏ కోణమున ఉన్నదో సుద్దతో గుర్తు పెట్టుడు. దాని బోల్టును వదులు చేసిన చాలదు, పూర్తిగా తీయవలెను. బోల్టు ఇరుసు గాడిలో కూర్చుండును గనుక, తీయక లాగినచో పళ్లు చెడును. మూత తీసిన పిదప వెనుక చక్రపు నట్టు వదులు చేసి చైనును సడలించుడు. స్ప్రాకెట్టును పట్టి ఉంచు చిన్న రేకు బోల్టులు రెండు విప్పి, రేకును కొంచెము త్రిప్పి లాగినచో స్ప్రాకెట్టు చైనుతో సహా ఊడివచ్చును.

ఇప్పుడు సీలు కనబడును. దాని ముఖము మీద మూడు అంకెలుండును. 20-34-7 అని ఉన్నదనుకొనుడు: ఇరుసు మందము 20 మిల్లీమీటర్లు, సీలు వెలుపలి వ్యాసము 34, వెడల్పు 7 అని అర్థము. దుకాణమునకు పోవునపుడు పాత సీలును చేతబట్టుకొని పోవుటయే క్షేమము. సీలును తీయుటకు కొన వంగిన సన్నని కొక్కెము చాలును. స్క్రూడ్రైవరుతో ఆత్రపడి పొడిచినచో ఇరుసు మీదనో అల్యూమినియము గోడ మీదనో గీత పడును. ఆ గీత వెంబడి క్రొత్త సీలు కూడ కారును. నా అభిప్రాయములో ఈ పని చెడుట కెల్ల మూలము ఇచ్చటనే ఉన్నది.

సీలు తీసిన పిదప ఇరుసును శుభ్రముగా తుడిచి గోటితో రాచి చూడుడు. పాత పెదవి రాచుకొన్న చోట గోరు తగులుకొనునంత గాడి ఉన్నచో, క్రొత్త సీలును పాత లోతున కాక సుమారు ఒక మిల్లీమీటరు తేడాతో కూర్చుండబెట్టుట మెకానిక్కుల యుక్తి. పెదవి అరగని చోట తగులును. గాడి మరీ లోతైనచో ఇరుసునే మార్చవలెను, అది షెడ్డు పని.

క్రొత్త సీలు పెదవికి ఇంజను నూనె పూయుడు. పొడిగా ఎక్కించిన సీలు మొదటి మైలులోనే మాడును. ఇరుసు పళ్లు కత్తులవలె ఉండును గనుక, వానిమీద పలుచని ప్లాస్టిక్ కాగితము చుట్టి సీలును జార్చుడు. స్ప్రింగు కనబడు వైపు నూనె ఉన్న లోపలి దిక్కునకు ఉండవలెను. తిరుగవేసినచో శ్రమయంతయు వృథా. బొటనవ్రేళ్లతో సమముగా నొక్కి, పిమ్మట సీలు వెలుపలి అంచునకు సరిపోవు గొట్టపు ముక్కను ఆనించి, చుట్టును మెల్లమెల్లగా తట్టుడు. ఒకవైపు దిగి ఒకవైపు లేచినచో ఆగి సరిచేయవలెను. కారుచోటికి లప్పము పూసి సరిపుచ్చుట నేను సమ్మతింపను. నూనె పట్టిన చోట లప్పము నిలువదు.

స్ప్రాకెట్టు, చైను, మూత యథాస్థానమున బిగించి, చైను బిగువును వెనుక చక్రపు వరుసను సరిచూచుకొనుడు. నూనె దింపిన బోల్టునకు క్రొత్త అల్యూమినియము వాషరు వేయుడు. దానిని బలముకొలది బిగించువారు గోడలోని మరలను చెరుపుదురు; సీలునకంటె ఆ మరమ్మతు ఎన్నో రెట్లు ఖరీదు. చేతిపుస్తకములో చెప్పిన రకపు నూనెను చెప్పినంతయే పోసి, బండిని సమతలమున నడిమి స్టాండు మీద నిలిపి, కొన్ని నిమిషములు నడిపి, ఆపి, కొంచెము సేపు ఆగిన పిదప కొలపుల్లతో చూడవలెను. ఈ తరహా ఇంజనులో కొలపుల్లను మర త్రిప్పక ఊరక ఆనించి చూచుట పద్ధతి. మరల పౌడరు చల్లి ఒక చుట్టు తిరిగి వచ్చినచో ఫలితము తెలియును.

గేరు రాడ్డు, కిక్ రాడ్డు సీళ్లకును ఇదే పద్ధతి. కాని ఇంజను రెండు అరలు కలియు అతుకునుండి నూనె వచ్చుచున్నచో పానా క్రింద పెట్టి మెకానిక్కును పిలువుడు.

దింపిన నల్లనూనెను కాలువలో పోయవద్దు, మంచపు కోళ్లకు పూయవద్దు. పదేపదే చర్మమునకు తగులుట హానికరము గనుక చేతులు సబ్బుతో కడుగుకొనుడు. మూత గట్టిగా నున్న డబ్బాలో పోసి, పిల్లలకు అందనిచోట ఉంచి, పాతనూనెను శుద్ధిచేయు అనుమతి గలవారికి చేర్చు షెడ్డున ఇచ్చివేయుడు.