అందరికీ 5 కొట్టేయాలా? లెక్చరర్‌కు మనమిచ్చే మార్కుల కథ

ఈ ఎపిసోడ్ మెదక్‌లో మా ఇంటి నుంచే రికార్డ్ చేస్తున్నా. మధ్యలో బస్సు హారన్లు వినిపిస్తే ఏమనుకోకండి, రాందాస్ చౌరస్తా మాకు దగ్గరే.

మొన్న మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేసిండు. వాడు ఇక్కడే డిగ్రీ సెకండియర్. "అన్నా, కాలేజీ గ్రూపుల ఫీడ్‌బ్యాక్ లింక్ వచ్చింది. ఏడుగురు లెక్చరర్లు, ఒక్కొక్కరికి పది ప్రశ్నలు. అందరికీ 5 కొట్టి స్క్రీన్‌షాట్ పెట్టమంటుండ్రు. కొట్టేయాల్నా?" అని అడిగిండు.

"కొట్టేయ్‌రా, ఎవరు చూస్తరు" అనబోయి ఆగిపోయా. ఎందుకంటే అలాంటి ఫారమ్ ఒకసారి నేనూ నింపా. దాన్ని నిజంగానే ఎవరో చూశారు. ముందు ఆ కథ చెప్తా.

నేను బీటెక్ సెకండియర్‌లో ఉన్నప్పటి మాట. ప్రైవేట్ కాలేజీ, పేరు వద్దు. డేటా స్ట్రక్చర్స్‌కు ఒక మేడమ్ వచ్చేవారు. స్లైడ్లు ఉండవు. బోర్డు మీద డబ్బాలు గీసి, బాణాలు గీసి లింక్డ్ లిస్ట్ చెప్పేవారు. ల్యాబ్‌లో ప్రోగ్రామ్ రన్ అయినా వదిలేవారు కాదు. "ఈ లైన్ అయిపోయాక ఈ పాయింటర్ ఎక్కడుంది? వేలు పెట్టి చూపించు" అనేవారు. కాపీ కొట్టిన రికార్డు మీద సంతకం పెట్టేవారు కాదు. అదే సెమిస్టర్‌లో ఇంకో సబ్జెక్టుకు ఒక సార్. జోకులు, సినిమా ముచ్చట్లు, మిడ్ ఎగ్జామ్ ముందు రోజు అయిదు ఇంపార్టెంట్ క్వశ్చన్లు.

ఫీడ్‌బ్యాక్ రోజు అందరినీ ల్యాబ్‌లో కూర్చోబెట్టి పదిహేను నిమిషాలిచ్చారు. క్లాస్ గ్రూపులో మెసేజ్ వచ్చింది: మేడమ్‌కు అన్నీ 1, సార్‌కు అన్నీ 5. నేనూ అట్లే కొట్టా. "టైముకు క్లాసుకు వస్తారా?" అన్న ప్రశ్న కూడా ఉంది అందులో. దానికీ 1 కొట్టా. ఆమె ఒక్కరోజు కూడా లేటు రాలేదు.

తర్వాతి సెమిస్టర్‌లో మేడమ్ కనిపించలేదు. రేటింగ్ తక్కువొచ్చిందని కొనసాగించలేదట, ల్యాబ్ అసిస్టెంట్ అన్న చెప్పిండు. మేం సంబరపడ్డాం. రెండేళ్ల తర్వాత ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో లింక్డ్ లిస్ట్‌ను రివర్స్ చేయమన్నారు. తెల్ల కాగితం మీద డబ్బాలు గీసి, బాణాలు తిప్పి చూపించా. ఉద్యోగం వచ్చింది. ఆ బాణాలు ఎవరివో నాకు తెలుసు.

సరే, అసలు మన దేశంలో లెక్చరర్ పనితీరును ఎట్ల కొలుస్తారు? 2010లో యూజీసీ ఏపీఐ అనే పాయింట్ల పద్ధతి తెచ్చింది. ప్రమోషన్ కావాలంటే పాయింట్లు పోగెయ్యాల్సి వచ్చేది. రిఫరీడ్ జర్నల్‌లో ఒక పేపర్ వస్తే అప్పట్లో 15 పాయింట్లు. మంచి ఉద్దేశమే. కానీ పేపర్‌కు పాయింట్లు అనగానే పేపర్ల దుకాణాలు పుట్టుకొచ్చాయి. డబ్బు కట్టు, పేపర్ వేయించుకో. 2018 మేలో యూజీసీ తన సొంత ఆమోద జాబితా నుంచే 4,305 జర్నళ్లను తీసేయాల్సి వచ్చింది.

ఈ కథలో మన హైదరాబాద్ కూడా ఉంది. ఇక్కడి నుంచి నడిచే ఓమిక్స్ అనే జర్నళ్ల సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. పేపర్లను నిపుణులతో సరిగ్గా పరిశీలించకుండానే పరిశీలించామని చెప్పుకుంటోందనీ, ఫీజు సంగతి ముందే చెప్పట్లేదనీ ఆరోపణ. 2019 మార్చిలో నెవాడాలోని ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని తీర్పిచ్చింది.

ఇంజినీరింగ్ కాలేజీల సంగతి చూద్దాం. ఏఐసీటీఈ 2019లో 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ తెచ్చింది. మొత్తం 100 పాయింట్లు. అందులో టీచింగ్‌కు 25, విద్యార్థుల ఫీడ్‌బ్యాక్‌కు 25. మిగతా 50 డిపార్ట్‌మెంట్ పనులకు, కాలేజీ పనులకు, పైవాళ్ల రిపోర్టుకు, సమాజ సేవకు. టీచింగ్‌కు ఇచ్చే ఆ 25 ఎట్ల లెక్కేస్తారో తెలుసా? టైమ్‌టేబుల్ ప్రకారం జరగాల్సిన క్లాసులెన్ని, జరిగినవెన్ని. అంతే. యూజీసీ 2018 నిబంధనల్లోనూ 80 శాతం, ఆపైన క్లాసులు తీసుకుంటే "గుడ్". క్లాసుకు వచ్చారా లేదా అన్నది తెలుస్తుంది. ఆ క్లాసులో మనకు ఏమైనా ఎక్కిందా అన్నది తెలియదు.

మరి అది తెలిసేది మన ఫీడ్‌బ్యాక్‌లోనే కదా అంటారా? ఇక్కడ రెండు ప్రయోగాలు చెప్తా.

1970లో అమెరికాలో డాక్టర్ మైరన్ ఫాక్స్ అనే ఆయన వైద్యవిద్య చెప్పేవాళ్ల ముందు లెక్చర్ ఇచ్చాడు. నిజానికి ఆయన డాక్టర్ కాదు, నటుడు. ఆ సబ్జెక్టులో ఓనమాలు కూడా రావు. అర్థం లేని మాటలనే హుషారుగా, జోకులేస్తూ చెప్పమని నేర్పించి పంపారు. విన్నవాళ్లంతా చదువుకున్నవాళ్లే. అయినా మంచి మార్కులే వేశారు. 1973లో ఈ సంగతి అచ్చయింది. మా జోకుల సార్ గుర్తొచ్చాడు కదా?

రెండోది ఇంకా గట్టిది. అమెరికా ఎయిర్ ఫోర్స్ అకాడమీలో ఏ స్టూడెంట్ ఏ ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లాలో లాటరీ పద్ధతిలో తేలుస్తారు, పరీక్ష పేపర్ అందరికీ ఒకటే. కారెల్, వెస్ట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అక్కడి పది వేలమందికి పైగా విద్యార్థుల ఫలితాలు చూసి 2010లో పేపర్ వేశారు. ఏం తేలిందంటే, కొందరు ప్రొఫెసర్ల దగ్గర చదివినవాళ్లకు ఆ కోర్సులో మార్కులు బాగా వచ్చాయి, వాళ్లు ఆ ప్రొఫెసర్లకు రేటింగ్ కూడా బాగా ఇచ్చారు. కానీ దాని మీద ఆధారపడిన తర్వాతి కోర్సుకు వచ్చేసరికి వెనకబడ్డారు. అనుభవమున్న ప్రొఫెసర్ల దగ్గర చదివినవాళ్లు మొదట్లో తగ్గినా, తర్వాత ముందుకెళ్లారు. ఇది చదివినప్పుడు నాకు చెంప మీద కొట్టినట్టయింది.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడూ ఇదే చూశా. ఎవరెన్ని టికెట్లు క్లోజ్ చేస్తే అంత రేటింగ్ అన్నారు. నెల తిరగకముందే ఒక పెద్ద పనిని ఆరు చిన్న టికెట్లుగా విడగొట్టడం అందరం నేర్చుకున్నాం. కష్టమైన బగ్ జోలికి ఎవరూ పోలేదు. దేన్ని లెక్కపెడితే అదే పండుతుంది ఫ్రెండ్స్. లెక్కపెట్టనిది ఎండిపోతుంది.

మరి ఫీడ్‌బ్యాక్ తీసేద్దామా? వద్దు. పీరియడ్ ఎగ్గొట్టేవాళ్లు, గైడ్ చూసి చదివి వెళ్లిపోయేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల గురించి చెప్పడానికి స్టూడెంట్‌కు ఉన్న దారి అదొక్కటే. హైదరాబాద్ పిల్లలైతే లెక్చరర్ సరిగ్గా చెప్పకపోతే అమీర్‌పేట కోచింగ్‌కు పోతారు. మెదక్ నుంచి అమీర్‌పేట దాదాపు వంద కిలోమీటర్లు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివే పిల్లకు క్లాసులో చెప్పిందే చదువు. ఇక్కడ ఒక మంచి లెక్చరర్ పోతే, ఆ లోటు పూడ్చేవాళ్లు దొరకరు.

నేను చెప్పేది ఒకటే. ఎవరికి కనిపించేది వాళ్లను అడగాలి. టైముకు వచ్చారా, డౌట్ అడిగితే చెప్పారా, పేపర్ దిద్ది తప్పు ఎక్కడో చూపించారా? ఇవి స్టూడెంట్‌కు కనిపిస్తాయి, స్టూడెంట్‌ను అడగండి. సబ్జెక్టు మీద పట్టుందా లేదా? అది అదే సబ్జెక్టు చెప్పే ఇంకో లెక్చరర్ క్లాసులో కూర్చుని చూడాలి. నేర్పింది నిలబడిందా లేదా? అది తర్వాతి సెమిస్టర్ లెక్చరర్‌ను అడగాలి. ఆరు నెలలు ఆగి మనల్ని మళ్లీ అడిగినా మంచిదే.

ఇంకో మాట. మార్కులేసే ముందు ఆ మనిషి మీద ఎంత బరువుందో కూడా చూడాలి. చాలా ప్రైవేట్ కాలేజీల్లో లెక్చరర్లు ఎండాకాలం ఊరూరు తిరిగి అడ్మిషన్లు తేవాలి. గెస్ట్ లెక్చరర్‌కు పీరియడ్‌కు ఇంత అని లెక్క, పీరియడ్ లేకపోతే పైసలు లేవు. ప్రిపేర్ అయ్యే టైముకు జీతం ఇవ్వకుండా, క్లాసు బాగా చెప్పలేదని 2 వేస్తే అది ఎవరికి పడ్డ మార్కు?

తమ్ముడికి ఏం చెప్పానంటే, "స్క్రీన్‌షాట్ అడిగిండ్రు, పెట్టు. 5 మాత్రం వచ్చినోళ్లకే కొట్టు. ప్రతి మార్కుకు ఒక సంఘటన గుర్తు చేసుకో. గుర్తు రాకపోతే మధ్యలో నొక్కు. కింద రాసే డబ్బా ఉంటే రెండు లైన్లు రాయి." రాత్రి వాడు మళ్లీ ఫోన్ చేసిండు. నలభై నిమిషాలు పట్టిందంట. ఒక సార్‌కు టైము దగ్గర 2 వేసి, "కానీ ఇంటర్నల్ పేపర్ ఇచ్చేటప్పుడు ఒక్కొక్కరిని పిలిచి తప్పు చెప్తారు" అని రాసిండంట. ఆ ఒక్క లైన్ 4.2 రేటింగ్ కంటే ఎక్కువ చెప్తుంది.

ఈ ఎపిసోడ్ చేసే ముందు మేడమ్ నంబర్ కష్టపడి పట్టుకుని ఫోన్ చేశా. ఇప్పుడు వేరే కాలేజీలో చెప్తున్నారు. ఇంటర్వ్యూ సంగతి చెప్పా, ఆ ఫారమ్ సంగతీ చెప్పా. సారీ మేడమ్ అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "కోపం ఉంటుంది బాబూ, స్ట్రిక్ట్‌గా ఉన్నా కదా. కానీ లేటుగా వస్తానని కూడా పడింది. అదెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు."

నా దగ్గర జవాబు లేదు.

మీ లెక్చరర్లలో ఒకరు మీకోసం చేసిన ఒక్క పని, పేరు లేకుండా, కామెంట్‌లో రాయండి. ఈసారి లింక్ వచ్చినప్పుడు అదే ఫారమ్‌లోనూ రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.