కువైటులో పండుగ, పుట్టినరోజు

 

మన రాయచోటి, రాజంపేట పక్క పల్లెల నుంచి ఎందరో కువైటుకు పోయినారు. కూతురో, కోడలో, కొడుకో అక్కడ పని చేస్తుంటారు. పండుగ వస్తే మనకు వాళ్లు గుర్తొస్తారు. వాళ్లకు మనం గుర్తొస్తాం. ఈ రోజు వాళ్ల పండుగల గురించి మాట్లాడుకుందాం.

కువైటులో ఉగాదికి సెలవు లేదు. సంక్రాంతికి లేదు. క్రిస్మస్‌కూ లేదు. రంజాన్, బక్రీద్ పండుగలకు సెలవు ఉంది. ఫిబ్రవరి 25, 26 తేదీలలో ఆ దేశం పండుగ సెలవులు. కానీ ఇండ్లలో పని చేసే ఆడవాళ్లకు ఆ రోజుల్లోనే పని ఎక్కువ. రంజాన్ నెలలో రాత్రిపూట వంటలు, వచ్చిపోయే చుట్టాలు. మన ముస్లిం అక్కచెల్లెళ్లు పగలంతా ఉపవాసం ఉంటారు. రాత్రి గిన్నెలు తోముతారు. ఇంటివాళ్లకు పండుగ, పనిమనిషికి చాకిరీ.

మరి మనవాళ్లు పండుగ ఎప్పుడు చేసుకుంటారు? సెలవు దొరికిన రోజే వాళ్లకు పండుగ. ఉగాది మంగళవారం వస్తే పచ్చడి శుక్రవారం చేసుకుంటారు. ఒకరి గదిలో నలుగురు కలుస్తారు. చింతపండు, బెల్లం అక్కడ అంగళ్లలో దొరుకుతాయి. వేపపువ్వు ఇక్కడి నుంచే పంపండి. నీడలో ఎండబెట్టి, డబ్బాలో పోసి, పోయేవాళ్ల చేతికి ఇవ్వండి.

వారానికి ఒక రోజు సెలవు ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. అది చట్టం. ఇండ్లలో పని చేసేవాళ్ల కోసం కువైటు 2015లో 68వ నంబరు చట్టం చేసింది. దాని ప్రకారం వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలి. పనిమనిషి ఒప్పుకోకుండా ఆమె పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. చట్టం ఉన్నా సెలవు ఇవ్వని ఇండ్లు ఉన్నాయి. అందుకే పోయేముందే ఒప్పంద కాగితం చదవాలి. సెలవు సంగతి అందులో ఉందా, లేదా చూడాలి.

ఇక పుట్టినరోజు. తల్లి అక్కడ, బిడ్డ ఇక్కడ అవ్వ దగ్గర. కొత్త గుడ్డలకు డబ్బులు తల్లి పంపుతుంది. ఆ రోజు బిడ్డ గొంతు వినాలని ఆమెకు ఉండదా? వేళ చూసి ఫోను చెయ్యండి. కువైటు టైము మనకంటే రెండున్నర గంటలు వెనుక. మనకు ఉదయం 8:30 అయితే అక్కడ 6 గంటలు. రాత్రి ఆమె పని ముగిసేసరికి ఇక్కడ బిడ్డ నిద్రపోతుంది. కాబట్టి బిడ్డ చేత రెండు మాటలు కాగితం మీద రాయించండి. ఫోటో తీసి పంపండి. తీరిక దొరికినప్పుడు తల్లి చదువుకుంటుంది. మళ్లీ మళ్లీ చదువుకుంటుంది.

సరే, ఆ తల్లి పుట్టినరోజు ఎప్పుడు? చాలా ఇండ్లలో తెలియదు. "కరువు ఏడు పుట్టింది" అంటారు. బడి రిజిస్టరులో ఒక తేదీ, పాస్‌పోర్టులో ఇంకో తేదీ ఉంటుంది. ఇది చిన్న విషయం కాదు. పదో తరగతి పాస్ కాని ఆడవాళ్లు గల్ఫు దేశాలకు ఇంటిపనికి పోవాలంటే 30 ఏళ్లు నిండాలి. ఇది మన ప్రభుత్వం పెట్టిన నియమం. అందుకని కొందరు దళారులు 24 ఏళ్ల పిల్లకు 31 ఏళ్లని రాయిస్తారు. తప్పుడు తేదీ చెప్పి పాస్‌పోర్టు తీసుకోవడం నేరం. దళారి తప్పుకుంటాడు. సంతకం పెట్టిన మనిషి చిక్కుకుంటుంది. తిరిగి వచ్చాక కూడా ఒక కాగితానికీ ఇంకో కాగితానికీ పొత్తు కుదరదు.

కాబట్టి బిడ్డ పుట్టిన 21 రోజులలోపు నమోదు చేయించండి. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టు కావాలంటే పుట్టినతేదీ రుజువుగా జనన ధ్రువపత్రమే చూపాలి.

ఇప్పుడు మీకు అక్షరాలు వచ్చు. అంకెలూ వచ్చు. ఈ రాత్రి ఒక పని చెయ్యండి. నోటుపుస్తకంలో ఇంట్లో అందరి పేర్లు రాయండి. ప్రతి పేరు పక్కన పుట్టిన తేదీ, నెల, ఏడు రాయండి. దూరాన ఉన్నవాళ్ల పేర్లు మొదట రాయండి. తేదీ తెలియకపోతే ఆ చోటు ఖాళీగా వదలండి. రేపు ఆ పుస్తకం, ఉన్న కాగితాలు తీసుకురండి. కలిసి చదివి సరిచూసుకుందాం.