లైసెన్సుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు

(మల్కాజ్‌గిరిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు నన్ను మాట్లాడమన్న విషయం స్త్రీలు డ్రైవింగ్ నేర్చుకోవడం, లైసెన్సు పరీక్షలకు తయారుకావడం. హక్కుల సమావేశంలో ఇదెందుకని ఒకరిద్దరు మిత్రులు అడిగారు. గృహహింస, ఆస్తిహక్కు, కూలిరేట్ల పక్కన పెడితే స్కూటరు నేర్చుకోవడం చిన్న విషయంగానే కనిపిస్తుంది. కానీ మన దగ్గరకు వచ్చే స్త్రీలను గమనించండి. కేసు పెట్టాలంటే పోలీసుస్టేషనుకు తీసుకెళ్లేవాళ్లు కావాలి. రాత్రిపూట బిడ్డకు జ్వరమొస్తే బండి తీసేవాళ్లు కావాలి. రెండో షిఫ్టు దిగితే బస్టాపు నుంచి ఇంటికి తెచ్చేవాళ్లు కావాలి. ఎక్కడికి వెళ్లాలన్నా ఇంట్లో మగవాళ్ల తీరికను బట్టి, ఇష్టాన్ని బట్టి వెళ్లాల్సివస్తే, చట్టంలో ఉన్న మిగతా హక్కులు కూడా ఆ తీరికను బట్టే అమలవుతాయి.

బస్సు ఉంది కదా అంటారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. అది మనం కాపాడుకోవాల్సిందే. బస్సులు పెంచమని అడగాల్సిందే. కానీ బస్సు రాని సందుంది, బస్సు ఆగిపోయే వేళ ఉంది. బస్సా, సొంత బండా అని మగవాళ్లను ఎవరూ అడగరు. వాళ్లకు రెండూ ఉన్నాయి. మనకూ రెండూ కావాలి.

నేను తార్నాకలో ఉంటాను. కొన్నేళ్లుగా మేం నలుగురైదుగురం ఆదివారం తెల్లవారుజామున ఉస్మానియా క్యాంపస్ రోడ్ల మీద తోటి స్త్రీలకు బండి నేర్పుతున్నాం. లాలాపేట, మెట్టుగూడ, మాణికేశ్వరి నగర్ నుంచి, ఇటు మల్కాజ్‌గిరి నుంచి కూడా వస్తారు. మొదటిరోజు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: “లైసెన్సుకు మా ఆయన సంతకం పెట్టాలా?”

అక్కర్లేదు. ఈ ఒక్క జవాబు మీరు మీ బస్తీలకు తీసుకెళ్లినా ఈ సమావేశం పెట్టినందుకు ఫలితం దక్కినట్టే. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండిన ఏ మనిషైనా సొంత బండి నడపడానికి లైసెన్సు అడగవచ్చు. భర్త, తండ్రి, అత్తమామల సమ్మతి అనే మాటే అందులో లేదు. 16 ఏళ్లు నిండి 18 నిండని వాళ్లకు గేర్లు లేని 50 సీసీ లోపు బండికి లైసెన్సు ఇవ్వాలంటే మాత్రమే సంరక్షకుల సమ్మతి కావాలి. పెళ్లయి పిల్లలున్న స్త్రీ ఆ పదహారేళ్ల పిల్లలాగా అనుమతి కోసం ఎందుకు నిలబడాలి?

చిరునామా రుజువు దగ్గర మాత్రం చాలామంది ఆగిపోతున్నారు. భర్త ఇల్లు వదిలి వచ్చినవాళ్లకు, అద్దెగదిలో ఒంటరిగా ఉండేవాళ్లకు కాగితాలన్నీ పాత చిరునామాతోనే ఉంటాయి. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో దీనికొక దారి ఉంది. తగిన కారణం వల్ల మామూలు పత్రాలు చూపలేకపోతే నోటరీ ముందుగానీ, మేజిస్ట్రేటు ముందుగానీ ప్రమాణం చేసిన అఫిడవిట్‌ను లైసెన్సు అధికారి అంగీకరించవచ్చు. కౌంటరులో ఈ మాట ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు. పక్కన నిలబడి అడగాల్సింది మనమే. ఇంకొకటి, 2019 సవరణ తర్వాత రాష్ట్రంలోని ఏ లైసెన్సు అధికారి దగ్గరైనా దరఖాస్తు చేసుకునే వీలు చట్టంలో ఉంది. దరఖాస్తు తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని 17వ సెక్షను చెబుతోంది. ఆ ఉత్తర్వు అందిన 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. “కుదరదు పో” అన్న నోటిమాటతో తిరిగి రావద్దు.

ఇక పరీక్షల సంగతి. ముందు మనమంతా ఎల్‌ఎల్‌ఆర్ అనే లెర్నర్ లైసెన్సు. దీనికి రోడ్డు గుర్తులు, సిగ్నళ్లు, నియమాల మీద ప్రశ్నలుంటాయి. కనీసం 60 శాతం సరిగ్గా చెప్పాలి. బట్టీ పట్టడం కన్నా గుర్తుల ఆకారాలు అర్థం చేసుకోవడం మేలు. ఎర్ర అంచు గుండ్రం చేయకూడదంటుంది. నీలం గుండ్రం చేసి తీరాలంటుంది. త్రికోణం హెచ్చరిస్తుంది. దీర్ఘచతురస్రం సమాచారమిస్తుంది. ఇంత తెలిస్తే సగం ప్రశ్నలకు భయం పోతుంది. కాపలా లేని రైల్వే గేటు దగ్గర ఏం చేయాలన్నది కూడా అడుగుతారు. బండి ఆపాలి, దిగి ముందుకు నడిచి రెండువైపులా చూసి, రైలు రావడం లేదని తేల్చుకున్నాకే దాటాలి. ప్రమాదం జరిగితే గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడడం, పోలీసులకు తెలపడం డ్రైవరు బాధ్యతలు. మా దగ్గర చదువు వచ్చినవాళ్లు ప్రశ్నలు తెలుగులో గట్టిగా చదువుతారు, రానివాళ్లు విని జవాబు చెబుతారు. రెండు ఆదివారాల్లో చదువురాని వాళ్లే ముందుంటున్నారు. రోడ్డును వాళ్లు రోజూ నడిచి చూస్తున్నారు మరి.

ఎల్‌ఎల్‌ఆర్ 6 నెలలు చెల్లుతుంది. ఆ కాలంలో లైసెన్సున్న మనిషి పక్కన ఉండాలి. తెల్ల పలక మీద ఎర్రరంగు ‘ఎల్’ అక్షరం బండికి ముందూ వెనకా ఉండాలి. స్కూటరు మీద నేర్పేవాళ్లను తప్ప ఎవరినీ ఎక్కించుకోకూడదు. ఎల్‌ఎల్‌ఆర్ చేతికి రాగానే పిల్లలను వెనక ఎక్కించుకుని బడికి బయలుదేరే తల్లులకు ఇది గట్టిగా చెప్పండి. క్యాంపస్ లోపల ఎల్‌ఎల్‌ఆర్ లేకుండా నడపవచ్చని చాలామంది అనుకుంటారు. జనం హక్కుగా రాకపోకలు సాగించే ఏ దారైనా చట్టం దృష్టిలో బహిరంగ స్థలమే. పైగా ఆ రోడ్ల మీద హాస్టలు పిల్లలు, నడకకు వచ్చే పెద్దవాళ్లు ఉంటారు. యూనివర్సిటీ ఏ గేటు మూసినా, ఏ వేళ పెట్టినా పాటించాలి.

ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాతే డ్రైవింగ్ పరీక్ష. దీన్ని తీసుకునేది మనం బ్రేకు ఇన్‌స్పెక్టరు అనే అధికారి. స్కూటరు వాళ్లు ఎనిమిది ఆకారంలో తిప్పాలి, కాలు కింద పెట్టకూడదు. చూపు ముందుచక్రం మీద పెడితే బండి పడుతుంది, వెళ్లాల్సిన వంపు మీద పెడితే బండి తనంతట తానే తిరుగుతుంది. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనే బండి మీదే నేర్చుకోండి. చున్నీ, కొంగు బిగించి కట్టుకోండి, చక్రంలో పడితే ప్రాణం మీదికి వస్తుంది. గేర్లు లేని బండి మీద పరీక్ష ఇస్తే గేర్ల బండికి ఆ లైసెన్సు పనికిరాదని కూడా గుర్తుంచుకోండి.

కారు వాళ్లకు కష్టమైనవి రెండు. ఒకటి ఇరుకు చోట వెనక్కి తీయడం. రెండోది ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించడం. లాలాపేట వంతెన ఎక్కుతుండగా ట్రాఫిక్ ఆగితే ఏమవుతుందో మీకు తెలుసు. హ్యాండ్‌బ్రేకు వేసి ఉంచి, క్లచ్ నెమ్మదిగా వదులుతూ, ఇంజను బండిని లాగుతున్నట్టు తెలిశాక, కాస్త ఆక్సిలరేటరు ఇస్తూ బ్రేకు దించాలి. ఇది చెబితే రాదు, ఖాళీగా ఉన్న ఎత్తు మీద ఇరవైసార్లు చేస్తేనే వస్తుంది.

తప్పితే? తప్పవచ్చు. 7 రోజుల తర్వాత మళ్లీ వెళ్లవచ్చు. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి.  కానీ మగపిల్లవాడు తప్పితే “మళ్లీ పో” అనే ఇల్లే, ఆడమనిషి తప్పితే “నీకెందుకిదంతా” అంటుంది. మా దగ్గరకు వచ్చిన ఒకామె రెండుసార్లు తప్పాక ఇంట్లో బండి తాళం దాచేశారు. మూడోసారికి తోటి స్త్రీ బండి తీసుకెళ్లింది, నెగ్గింది. పరీక్షరోజు పక్కన నలుగురు మనవాళ్లు ఉండడం ఎందుకు అవసరమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

డ్రైవింగ్ స్కూళ్ల గురించి కూడా చెప్పాలి. నియమాల ప్రకారం సొంత వాహనాలు నడపడానికి ఇచ్చే శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు, బండి నడిపిన సమయం 10 గంటలకు తగ్గకూడదు. ఆ గంటలు రాసే రిజిస్టరు ఉండాలి. నేను నేర్చుకున్న స్కూల్లో స్టీరింగు నా చేతిలో ఉన్నా క్లచ్, బ్రేకు నేర్పేవాడి కాళ్ల కిందే ఉండేవి. లైసెన్సు వాళ్లే ఇప్పించేస్తామన్నారు. ఇలా లైసెన్సు తెచ్చుకుని పర్సులో దాచుకున్న స్త్రీలు మన మధ్య ఎంతమంది ఉన్నారో! బ్రోకరు కాగితం ఇప్పించగలడు, బండి నడపడం ఇప్పించలేడు. రిజిస్టరు చూపమనండి. మన గంటలు లెక్కపెట్టుకోండి. స్త్రీలు నేర్పే చోటు ఉంటే అక్కడికి వెళ్లండి. హైదరాబాదులో మోవో సంస్థ స్త్రీలకు ద్విచక్ర వాహనాలు, ఎలక్ట్రిక్ ఆటోలు నేర్పుతోంది.

పొదుపు సంఘాల్లో పనిచేసేవాళ్లు ఇది శ్రద్ధగా వినండి. అప్పు స్త్రీ పేరున వస్తుంది, ఆటోగానీ బండిగానీ ఆమె పేరున రిజిస్టరవుతుంది, నడిపేది భర్తో కొడుకో. చట్టం 5వ సెక్షను ప్రకారం లైసెన్సు లేని మనిషిని తన బండి నడపనివ్వకూడదనే బాధ్యత యజమానిది. కాగితం మీద యజమాని ఆమె. లైసెన్సు లేనివాడి చేతిలో బండి ఎవరినైనా గుద్దితే, పరిహారం ముందు బీమా కంపెనీ కట్టినా, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకునే అవకాశాన్ని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్‌సింగ్ కేసులో చెప్పింది. బండి ఆమెది కాకపోయినా అప్పు ఆమెదే, బాధ్యతా ఆమెదే. తన పేరున ఉన్న బండిని తానే నడపగలిగితే అప్పుడు ఆమె నిజంగా యజమాని అవుతుంది.

ఇది బతుకుతెరువు కూడా. రవాణా వాహనాల డ్రైవర్లకు ఎనిమిదో తరగతి చదువు ఉండాలన్న నియమాన్ని 2019లో తొలగించారు. బడి మధ్యలో మానిపించిన ఆడపిల్లలకు అంతకాలం మూసి ఉన్న తలుపు అది. మామూలు కారు లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని నడపవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. దాన్నే 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఖాయం చేసింది. రవాణా వాహనానికి వయసు మాత్రం 20 నిండాలి. తమిళనాడులో వసంతకుమారి 1993లోనే ప్రభుత్వ బస్సు డ్రైవరయ్యారు. మన నల్గొండ ప్రాంతపు తండా నుంచి వెళ్లిన సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో మొదటి మహిళా బస్సు డ్రైవరు. 2025లో మన ఆర్టీసీలో బస్సెక్కారు. మన రాష్ట్రపు స్త్రీ సొంత రాష్ట్రంలో స్టీరింగు పట్టడానికి ఢిల్లీ మీదుగా పదేళ్లు తిరిగి రావాల్సివచ్చింది. మన బస్సుల్లో స్త్రీలు టిక్కెట్లు కొట్టడం జనానికి ఏనాడో అలవాటైంది. ఆ ముందు సీటు దాకా వెళ్లడానికి ఇంతకాలం పట్టింది.

చివరగా భయం సంగతి. రోడ్డు మంచిది కాదు, అందుకే వద్దంటున్నామని ఇంట్లోవాళ్లు అంటారు. రోడ్డు మంచిది కాదన్నది నిజమే. 1978లో రాత్రి సినిమా చూసి వస్తున్న రమీజాబీని పట్టుకెళ్లింది నల్లకుంట పోలీసులు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర స్కూటరు పంక్చరు చేసి ఒక యువ డాక్టరును చంపారు. ఆ తర్వాత మా ఆదివారాలకు వచ్చే అమ్మాయిల్లో కొందరు రావడం మానేశారు, ఇంట్లో పంపలేదు. నేరం చేసింది ఒకరైతే తాళం లాక్కున్నది ఇంకొకరి దగ్గర. 1974లో ఈ ఉస్మానియా విద్యార్థినులే పి.ఓ.డబ్ల్యు. పెట్టుకుని వేధింపుల మీద పోరాడారు. రోడ్డు ఖాళీచేసి ఇంట్లో కూర్చుంటామని వాళ్లు అనలేదు. సౌదీ అరేబియాలో 1990 నవంబరు 6న 47 మంది స్త్రీలు కార్లలో రియాద్ వీధుల్లో తిరిగి ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, పాస్‌పోర్టులు పోగొట్టుకున్నారు. అక్కడ నిషేధం పోయింది 2018 జూన్ 24న. మనకు చట్టంలో నిషేధం లేదు. ఉన్నదల్లా ఇంట్లో, అలవాటులో, మనలో నాటిన భయంలో.

అందుకే నా ప్రతిపాదనలు ఇవి. ప్రతి బస్తీ సంఘంలో నేర్చుకునేవాళ్ల జాబితా తయారుచేద్దాం. సంఘం తరఫున ఒక పాత స్కూటరు, బీమా కాగితాలతో సహా కొందాం. లైసెన్సున్న ప్రతి స్త్రీ ఏడాదికి ఇద్దరికి నేర్పాలని పెట్టుకుందాం. పరీక్షరోజు ఎవరినీ ఒంటరిగా పంపొద్దు. ఆర్టీఏ ఆఫీసుల్లో స్త్రీలకు మరుగుదొడ్డి, చదవలేనివాళ్లకు ప్రశ్నలు నోటితో అడిగే ఏర్పాటు తప్పనిసరిగా ఉండేలా వినతిపత్రం ఇద్దాం. పరీక్ష తీసుకునే అధికారుల్లో స్త్రీల సంఖ్య పెంచమని అడుగుదాం. వచ్చే సమావేశానికి ఈ మల్కాజ్‌గిరి నుంచి ఎంతమంది ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నారో, ఎంతమంది ట్రాక్ నెగ్గారో లెక్క చెప్పుకుందాం.

 ప్రశ్నలుంటే అడగండి.