గట్టు మీద జిల్లేడును బతకనిద్దాం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక పంటల గురించి చెబుతానని అనుకుంటున్నారేమో. ఇవాళ పంట గురించి కాదు, గట్టు గురించి నాలుగు మాటలు చెబుతాను.

దక్షిణాదిలో బ్లూ టైగర్, డార్క్ బ్లూ టైగర్, కామన్ క్రో అనే సీతాకోకచిలుకలు ఏటా వలస పోతాయి. నైరుతి రుతుపవనాల జోరువానకు ముందే పడమటి కనుమలు విడిచి తూర్పు మైదానాలకు, తూర్పు కనుమల వైపుకు వస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో వాటి తర్వాతి తరం తిరుగుదారి పడుతుంది. ఆ దారిలో ఎక్కువ భాగం రైతుల పొలాలే.

ప్రయాణానికి పూలతేనె ఒక్కటే చాలదు. బ్లూ టైగర్ గుడ్లు పెట్టేది కంచెల మీద పాకే జిల్లేడు కుటుంబపు తీగల మీద. కామన్ క్రో గన్నేరు, మర్రి, సుగంధిపాల ఎంచుకుంటుంది. మగవి గిలిగిచ్చ, జనుము వంటి మొక్కల ఆకులను, కాయలను గీరి రసం పీలుస్తాయి. ఆడదాన్ని ఆకర్షించే వాసన తయారయ్యేది ఆ రసంలోని పదార్థంతోనే.

అమెరికా నుంచి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మోనార్క్ సీతాకోకచిలుక తెలిసే ఉంటుంది. దాని గొంగళిపురుగు తినేది మిల్క్‌వీడ్ ఒక్కటే. అదీ మన జిల్లేడు కుటుంబమే. కలుపు మందును తట్టుకునే సోయా, మొక్కజొన్న రకాలు 1990ల రెండో సగంలో వచ్చాక అక్కడి పొలాల్లో మిల్క్‌వీడ్ దాదాపు మాయమైంది. మెక్సికో కొండల్లో మోనార్క్‌లు శీతాకాలం గడిపే అడవి 1996-97లో 18 హెక్టార్లు ఉంటే, 2013-14కి 0.67 హెక్టారుకు చేరింది. అడవుల నరికివేత, వాతావరణం కూడా కారణాలే. కానీ పొలంలో తిండి పోవడం పెద్ద దెబ్బ.

మన గట్ల మీదా ఇప్పుడు కలుపు మందు పడుతోంది. కూలీలు దొరకని రైతును తప్పుపట్టలేం. సేద్యం చేస్తున్న మిత్రులను ఒక్కటే అడుగుతున్నాను: మందు చేలోనే ఆపండి, ఒక్క గట్టయినా వదిలేయండి. ఈ పురుగులు వరిని, పత్తిని, మిరపను ముట్టవు.

మన సంఘానికీ ఒక విన్నపం. బడి వెనక ఒక మూల గన్నేరు, సుగంధిపాల, గిలిగిచ్చ పెంచుదాం. మొలిచిన జిల్లేడును పీకొద్దు, దాని పాలు కళ్లలో పడకుండా పిల్లలకు జాగ్రత్త చెబితే చాలు. ఏ రోజు ఏ రకం వచ్చిందో పిల్లలచేత రిజిస్టరులో రాయిద్దాం. శతజయంతి నాడు ఈ వేదిక మీద నిలబడేవారు ఆ రిజిస్టరు తెరిచి, యాభై ఏళ్లలో వచ్చినవెన్నో, రావడం మానేసినవెన్నో చెప్పగలగాలి.